గోధుమరంగును నమ్మే ముందు

రాజమండ్రిలో కణితి ముక్కలు చూస్తూ నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. క్యాన్సర్‌ను అణచిపెట్టే పి53 అనే ప్రొటీన్‌ను, అది ఉన్నచోట గోధుమరంగు తేలేలా యాంటీబాడీతో వెదికే పని ఆలస్యంగానే నా చేతికొచ్చింది. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం నాలుగు సంగతులు రాస్తున్నాను.

1. ముక్క చెడితే యాంటీబాడీ నిజం చెప్పలేదు.

అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు నుంచి ముక్కలు బస్సుల్లో వచ్చేవి. ఇరుకు మూతి సీసాలో కుక్కిన కణితి ఫార్మలిన్‌లో బిగుసుకుపోయి, తీయాలంటే సీసా పగలగొట్టాల్సి వచ్చేది. పైకి గట్టిగానే ఉండేది. కోస్తే నడుమ మెత్తగా, ఎర్రగా, వాసన వేస్తూ ఉండేది. ఫార్మలిన్ గంటకు దాదాపు ఒక మిల్లీమీటరే లోపలికి దిగుతుంది. అది చేరేలోపు నడుమనున్న ప్రొటీన్లు పాడైపోతాయి. అలాంటి స్లయిడ్‌లో అంచున రంగు పట్టి నడుమ పట్టకపోతే యాంటీబాడీని తప్పుపట్టకండి. వెడల్పు మూతి డబ్బా, ముక్కకు పదింతలు 10 శాతం బఫర్ ఫార్మలిన్, పెద్ద కణితిని వెంటనే బిళ్లలుగా కోయడం... ఇవి ఆపరేషన్ థియేటర్లోనే జరగాలి. అక్కడికి వెళ్లి చెప్పడానికి వయసులో ఉన్నప్పుడు నాకు మొహమాటం అడ్డొచ్చింది. ఆ మొహమాటానికి ఎన్నో ముక్కలు పాడయ్యాయి.

2. యాంటీబాడీ పుట్టుక తెలిస్తేనే దాని హద్దు తెలుస్తుంది.

మనం ఎక్కువగా వాడే డీఓ-7 ఎలుక నుంచి వచ్చిన యాంటీబాడీ. పి53లోని 393 అమైనో ఆమ్లాల్లో మొదటి కొసన ఉన్న చిన్న భాగాన్ని అది పట్టుకుంటుంది. మంచి పి53నీ పట్టుకుంటుంది, చెడినదాన్నీ పట్టుకుంటుంది. చెడిందాన్ని ఏరి చూపదు. అందుకే క్లోన్ పేరు, లాట్ నంబరు రాసుకోవాలి. కొత్త సీసా వస్తే పాతదాని పక్కనపెట్టి, టాన్సిల్ ముక్క మీద సరిచూడాలి.

ఎలుక యాంటీబాడీ స్లయిడ్ మీద పనికొస్తుంది గాని, మందుగా ఎక్కిస్తే మన ఒళ్లు దాన్ని పరాయిదని ఎదిరిస్తుంది. ఆ చిక్కు విడదీసినవారిలో మన కాకినాడ పి.ఆర్. కళాశాలలో చదువుకున్న కుచ్చెర్లపాటి రాజు గారొకరు. మనిషి యాంటీబాడీ జన్యువులను ఎలుకల్లో పెట్టిన పరిశోధనలో ఆయన పాత్ర ఉంది. ఆ ఎలుకల నుంచి వచ్చిన పానిటుముమాబ్‌కు పెద్దపేగు క్యాన్సర్ మందుగా 2006లో అమెరికాలో అనుమతి దొరికింది. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలకు ఈ కథ చెప్పాల్సింది. రంగులు వేయడం నేర్పి ఊరుకున్నాను.

3. రంగు లేకపోవడమూ జవాబే.

పి53 సంగతి 1979లో బయటపడింది. పదేళ్లపాటు అది క్యాన్సర్‌ను పెంచుతుందనే అనుకున్నారు. 1989లో గాని అణచేదని తేలలేదు. మామూలు కణంలో అది పుట్టిన కాసేపటికే కరిగిపోతుంది, అందుకే అక్కడక్కడ లేతగా కనిపిస్తుంది. జన్యువు చెడితే చాలాసార్లు ప్రొటీన్ పేరుకుపోయి కేంద్రకాలన్నీ ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. కొన్ని మార్పుల్లో మాత్రం ప్రొటీనే తయారవదు. అప్పుడు కణితి అంతా హెమటాక్సిలిన్ నీలమే.

ఒక అండాశయ కణితికి నేను ‘నెగటివ్’ అని రాసి పంపాను. ఏళ్ల తర్వాత ఈ రకం గురించి చదివి ఆ స్లయిడ్ మళ్లీ తీశాను. కణితి పక్కనే లింఫోసైట్లలో, రక్తనాళాల గోడల్లో లేత గోధుమరంగు స్పష్టంగా ఉంది. యాంటీబాడీ తన పని చేసింది. కణితిలోనే పి53 లేదు. అంటే జన్యువు చెడిందన్నమాట. అప్పటికి ఆ రోగి లేరు. చికిత్స దానివల్ల మారి ఉండకపోవచ్చు. అయినా ఆమె చేతికి వెళ్లిన కాగితం తప్పు.

4. చూసింది చూసినట్టు రాయండి.

పి53కి పాజిటివ్, నెగటివ్ చాలవు. రంగు ఏ కణాల్లో ఉంది, కేంద్రకంలోనా, బయటనా, పక్కనున్న మామూలు కణాల్లో ఎలా ఉంది, కంట్రోల్ స్లయిడ్ పట్టిందా అన్నవన్నీ రిపోర్టులోకి రావాలి. మామూలు కణాల్లో కూడా రంగు లేకపోతే ఆ స్లయిడ్ మీద రిపోర్టే ఇవ్వకండి. ఆ బ్లాకును మళ్లీ కోసి, మళ్లీ వేయండి. రోగి బంధువులు బల్ల దగ్గర నిలబడి తొందరపెడుతున్నా సరే, రేపు రమ్మని చెప్పండి.