ఇసుకలో పుట్టే పంపు

ధర్మపురి జిల్లా పాలక్కోడు తాలూకాలో మారండహళ్ళి ఉన్నది. తమిళంతో పాటు తెలుగు, కన్నడం కూడా వినబడే ప్రాంతమిది. ఈ మెట్ట పొలాలలో వాన ముఖం చాటేసినప్పుడు రైతుకు బావినీరే అండ. పూర్వం ఎద్దులతో కపిల తోలి నీరు తోడేవారు. ఇప్పుడు మీట నొక్కితే చాలు, పంపు నీటిని పైకి తెస్తుంది.

బావి దరినున్న పంపు తొడుగు నత్తగుల్లలా చుట్టు తిరిగి ఉంటుంది. దాని లోపల రెక్కల చక్రం ఒకటి గిర్రున తిరుగుతుంది. దానిని ఇంపెల్లర్ అంటారు. అది నీటిని అంచులకు విసరగానే నడుమ ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు బావిలోని నీటిమీది వాయుపీడనం నీటిని గొట్టంలోకి నెడుతుంది. నీటిని పీల్చే వైపు చిన్న రంధ్రమున్నా గాలి చొరబడుతుంది. నీరు సరిగా ఎక్కదు.

ఇలా వంపులు తిరిగిన బోలు వస్తువును సుత్తితో కొట్టి చేయడం కష్టం. అందుకే కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోసి తయారు చేస్తారు. తమిళనాడులో ఈ పనికి పేరుపొందిన నగరం కోయంబత్తూరు. 1932లో పైకారా జలవిద్యుత్కేంద్రం పని ప్రారంభించింది. ఆ ప్రాంతపు మిల్లులకు, బావులకు విద్యుత్తు అందడంతో మోటార్లకు, పంపులకు గిరాకీ పెరిగింది. అక్కడ పరిశ్రమలను పెంచినవారిలో తెలుగు కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. కలంగల్ గ్రామంలో 1893లో జన్మించిన జి.డి. నాయుడు వారిలో ఒకరు. ఆయన, డి. బాలసుందరం నాయుడు కలిసి 1937లో విద్యుత్ మోటారును తయారుచేశారు.

పోతపనికి మొదట కొయ్యతో గాని, లోహంతో గాని నమూనా చేస్తారు. పోత ఇనుము చల్లారినప్పుడు నూటికి ఒక వంతు వరకు కుంచించుకుపోతుంది. అందుకని నమూనాను ఆ మేరకు పెద్దదిగా చేస్తారు. సన్నని ఇసుకలో బంకమన్ను, బొగ్గుపొడి, కొద్దిగా నీరు కలుపుతారు. రెండు భాగాల పెట్టెలో నమూనా ఉంచి, చుట్టూ ఈ ఇసుకను దిమ్మిసతో గట్టిగా దట్టిస్తారు. తరువాత పెట్టెను విడదీసి, నమూనాను మెల్లగా తీసివేస్తారు. దాని ఆకారం ఇసుకలో నిలిచిపోతుంది. పంపు లోపల నీరు నడిచే దారికోసం గట్టిపరచిన ఇసుకదిమ్మను అందులో అమరుస్తారు. దీనిని కోర్ అంటారు.

కొలిమిలో కోక్ బొగ్గు, సున్నపురాయి, ఇనుము వేసి కరిగిస్తారు. సున్నపురాయి మలినాలతో కలిసి చిట్టెంగా పైకి తేలుతుంది. నేడు అనేకచోట్ల విద్యుత్ కొలిములు వాడుతున్నారు. సుమారు 1,350 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల ఇనుమును ఆగకుండా అచ్చులో పోస్తారు.

ఇక్కడే పనివాని నేర్పు బయటపడుతుంది. ఇసుకలో తడి ఎక్కువైతే ఆవిరి పుట్టి ఇనుములో బుడగలు మిగులుతాయి. ఇనుము వేడి తగ్గితే రెండు వైపులనుండి వచ్చిన ధారలు అతుక్కోవు. కోర్ పక్కకు జరిగితే గోడ ఒకవైపు పలుచనవుతుంది. అందుకే ఇసుకను పిడికిట పట్టి చూస్తారు, ఆవిరి పోవడానికి సన్నని రంధ్రాలు పొడుస్తారు.

చల్లారిన తరువాత అచ్చును పగులగొట్టి, అంచులు రుద్ది, తరణి పట్టి, నీటి ఒత్తిడితో పరీక్షిస్తారు. కారినదాన్ని మళ్ళీ కొలిమిలో వేస్తారు. ఇసుకను సరిచేసి మరో అచ్చుకు వాడతారు. అచ్చు ఒక్క పోతతోనే పగిలిపోతుంది. అది శ్రద్ధగా చేసినదైతే, దానిలో పుట్టిన పంపు ఏళ్ళ తరబడి పైరుకు నీరిస్తుంది.

పదాలు - అర్థాలు
దిమ్మిస: దట్టించే సాధనం
చిట్టెం: లోహం కరిగినప్పుడు తేలే మలినం
తరణి పట్టు: యంత్రంపై తిప్పి నునుపు చేయు

ప్రశ్నలు
1. నమూనాను వస్తువుకంటే పెద్దదిగా ఎందుకు చేస్తారు?
2. కోర్ లేకుండా పంపు తొడుగును పోత పోస్తే ఏమవుతుంది?
3. అచ్చు ఇసుకలో తడి ఎక్కువైతే రైతుకు కలిగే నష్టమేమి?