1978లో కూర్చుని చదువు

చిరంజీవి మేనకోడలికి,

మీ కాలేజీ పత్రిక కోసం రాసిన సమీక్ష అందింది. ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాను. వాక్యం పొట్టిగా, సూటిగా వచ్చింది. ‘స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ’ అనే స్టార్ వార్స్ నవల మీద నీకెంత ఒళ్లు మండిందో ప్రతి పేరాలో కనిపిస్తోంది. చప్పగా మెచ్చుకున్న సమీక్ష కంటే మండిపడి రాసింది నయం, కనీసం చివరిదాకా చదివిస్తుంది. కాకపోతే నువ్వు మోపిన నేరాల్లో సగానికి పైగా పాపం ఆ రచయితవి కావు. అతను నిజంగా చేసిన తప్పుల్లో రెండు మూడు నీ కంట పడనేలేదు. అచ్చుకిచ్చే ముందు నా మాట కాస్త విను.

నీ అభియోగాలు ఇవీ: ల్యూక్, లేయా కవలలైతే ఈ నవలలో ఒకరినొకరు ఆ చూపులు చూసుకోవడమేమిటి? ఇక్కడ డార్త్ వేడర్ చెయ్యి తెగిపోతే రెండో సినిమాలో అంత దర్జాగా ఎలా తిరుగుతున్నాడు? హాన్ సోలో ఏమైపోయాడు? ఇవన్నీ రాసి, చివర ‘స్టార్ వార్స్ గురించి ఏమీ తెలియనివాడు రాసిన పుస్తకం’ అని తేల్చేశావు.

తేదీలు చూడు తల్లీ. మొదటి సినిమా 1977 మే 25న విడుదలైంది. ఈ నవల 1978లో వచ్చింది. వేడర్ ల్యూక్ తండ్రి అని జనానికి తెలిసింది 1980లో, ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’తో. లేయా చెల్లెలని తేలింది 1983లో, ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’తో. అలన్ డీన్ ఫాస్టర్ కలం పట్టేనాటికి ఉన్నది ఒక్క సినిమా కథ. అందులో ఒక పల్లెటూరి కుర్రాడు, ఒక రాకుమారి, ఒక దుర్మార్గుడు. ఆ కుర్రాడు ఆ పిల్లని ఇష్టపడితే ఆశ్చర్యమేముంది? 1977లో హాలు నుంచి బయటికొచ్చిన జనం అనుకున్నదీ అదే. ఎప్పుడో అయిదేళ్ల తర్వాత చెప్పబోయే రహస్యం ముందే తెలుసుకోలేదని రచయితని నిలదీస్తే ఎలా?

పైగా నువ్వు ‘లూకాస్ రాసిన మొదటి నవలకి ఇది చాలా దూరం’ అన్నావు. ఆ వాక్యం తీసెయ్యక తప్పదు. సినిమాకి ఆరు నెలల ముందే, 1976 చివర్లో వచ్చిన ఆ మొదటి నవల అట్ట మీద సినిమా తీసిన జార్జ్ లూకాస్ పేరున్న మాట నిజమే. లోపల రాసింది మాత్రం ఈ ఫాస్టరే. లూకాస్ స్క్రిప్టు తీసుకుని నవలగా మార్చిపెట్టాడు. ఒప్పందం రెండు పుస్తకాలకి: ఒకటి సినిమా నవల, రెండోది దాని కొనసాగింపు. నువ్వు మెచ్చుకున్నదీ తిట్టిపోసిందీ ఒకే చేతి రాత.

ఇక హాన్ సోలో సంగతి. ఇక్కడే అసలు కథ ఉంది. దీన్ని నీ సమీక్షలో ఎందుకు వదిలేశావో నాకు అర్థం కాలేదు. ‘స్టార్ వార్స్’ ఆడుతుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. అంతంతమాత్రంగా ఆడితే తక్కువ ఖర్చులో రెండో సినిమా తీసుకోవడానికి పనికొచ్చే కథ రాసిపెట్టమని ఫాస్టర్‌ని అడిగారు. హాన్ సోలో వేషం వేసిన హారిసన్ ఫోర్డ్ తర్వాతి సినిమాలకి ఇంకా సంతకం చెయ్యలేదు, కాబట్టి హాన్ సోలో లేడు. ఫాస్టర్ మొదట్లో ఒక అంతరిక్ష యుద్ధం పెడితే, అది తియ్యాలంటే డబ్బులు చాలవని లూకాస్ దాన్ని తీసేయించాడు.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని మళ్లీ చదువు, పుస్తకం వేరేగా కనిపిస్తుంది. ల్యూక్, లేయా చెరొక చిన్న ఓడలో పోతూ, దారిలో ఇబ్బంది వచ్చి మింబన్ అనే గ్రహం మీద పడతారు. ఆ గ్రహమంతా పొగమంచు, బురద. ఎందుకంటావు? మంచు కమ్మితే వెనకాల సెట్ వెయ్యక్కర్లేదు! తర్వాత కథ నేల కిందికి, సొరంగాల్లోకి దిగుతుంది. అక్కడ చీకటి, దానికీ ఖర్చు లేదు. మనుషులా, నలుగురైదుగురు. ఊరొకటి, అదీ వేడర్ కొలువుండే సామ్రాజ్యం గుట్టుగా నడిపే గని చుట్టూ మొలిచిన మురికి ఊరు. ఆఖరికి ఒక పాడుబడ్డ గుడి. అంతా ఒక్క స్టూడియోలో, పొగ యంత్రం అద్దెకు తెచ్చుకుని తీసెయ్యొచ్చు. నువ్వు ‘ఎప్పుడూ మంచే, చూడ్డానికేమీ లేదు’ అని విసుక్కున్నావు చూడు, ఆ మంచు లెక్కల పుస్తకంలోంచి వచ్చింది. ఆ పరిమితిని ఫాస్టర్ ఎంతవరకు వాడుకోగలిగాడన్నదే సమీక్షకుడు అడగాల్సిన ప్రశ్న. నా మటుకు బాగానే వాడుకున్నాడనిపిస్తుంది. కళ్లకి ఆనక చెవులకే ముందు తెలిసే ప్రమాదాలు ఆ పుస్తకంలో చాలా ఉన్నాయి. తొలి సగంలో ఎవరు ఎటునుంచి వస్తారో తెలియని బెదురు పోదు.

ఇంకొకరి లోకంలో నవల రాయడమంటే అద్దె ఇంట్లో కాపురం. గోడకి మేకు కొట్టకూడదు, ఖాళీ చేసేటప్పుడు ఇల్లు తీసుకున్నట్టే అప్పగించాలి. ఫాస్టర్‌కి ఆ బతుకు అలవాటే. అంతకు ముందే స్టార్ ట్రెక్ కార్టూన్ సీరియల్‌ని ‘స్టార్ ట్రెక్ లాగ్’ పేరుతో పుస్తకాలుగా మలిచాడు, అవి మొత్తం పది వచ్చాయి. 1979లో ‘ఏలియన్’ సినిమాని నవల చేసేటప్పుడైతే, ఆ జంతువు ఎలా ఉంటుందో స్టూడియో వాళ్లు తనకి చూపించనేలేదని తనే చెప్పుకున్నాడు. రాయాల్సిందేమో దాని గురించే! అలాంటి పని చేసేవాళ్లని మన దగ్గరా తక్కువగా చూడకూడదు. ముళ్లపూడి వెంకటరమణ అంతటివారు వెండితెర నవలలు రాశారు. మీ అమ్మనడుగు, చెబుతుంది.

ఇప్పుడు నువ్వు వదిలేసిన తప్పుల సంగతికొద్దాం.

ఊళ్లోకి వెళ్లాక ల్యూక్, లేయా గని కూలీల్లా వేషం మార్చుకుంటారు. లేయా ల్యూక్‌కి పనిమనిషిగా నటించాలి. రాకుమారి కదా, గొంతులో అణకువ రాదు. చుట్టూ జనం అనుమానంగా చూస్తున్నారని, నమ్మించడానికి ల్యూక్ ఆమెని చెంపదెబ్బ కొడతాడు. బయటికొచ్చాక దానికి ఆమె ప్రతీకారం తీర్చుకోబోతే, ఇద్దరూ బురదలో పడి దొర్లుతూ కొట్టుకుంటారు. దారిన పోయే గని కూలీలు చుట్టూ చేరతారు, మాటా మాటా పెరుగుతుంది, చివరికి ఇద్దరూ ఖైదులో పడతారు. ఈ ఘట్టాన్ని నువ్వు ‘అన్నాచెల్లెళ్ల మధ్య ఇలాంటి సీనా’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేశావు. అన్నాచెల్లెళ్లు కాకపోయినా ఆ చెంపదెబ్బ బాగాలేదమ్మా. రాసినవాడు దాన్ని సరదాగా రాశాడు, బురదలో కొట్లాట పెట్టి నవ్వించాలని చూశాడు. నీ కోపానికి సరైన చోటు అది. పోతే, అదే ఘట్టంలో ఒక సుగుణమూ ఉంది. ఈ లేయా బొమ్మ కాదు. ఒళ్లంతా బురదైనా వెనక్కి తగ్గదు. రెండూ రాయి.

రెండోది మరీ ముఖ్యం. ఆ గ్రహం మీద పుట్టిపెరిగిన వాళ్లు కొందరు ఆ ఊళ్లో సారాయి కోసం చెయ్యి చాస్తూ, చాకిరీ చేస్తూ కనిపిస్తారు. నేల కింద ఇంకో తెగ ఉంటుంది, కోవే అని. వాళ్లు మనవాళ్లని పట్టుకుంటారు, ల్యూక్ వాళ్ల వీరుడితో తలపడి గెలుస్తాడు, వెంటనే ఆ తెగంతా మనవాళ్ల పక్షాన సామ్రాజ్యం సైనికుల మీదికి దూకుతుంది. పాత ఇంగ్లీషు సాహస కథల్లో తెల్లదొర అడవిలోకి వెళ్తే జరిగేది ఇదే కదా! గ్రహం పేరు మారింది, కథ మారలేదు. తిరుగుబాటుదారుల కథలో, సామ్రాజ్యం నేలపాలు చేసిన మనుషులకి సొంత నోరు లేకపోవడం ఎంత వింత! దీనికి డబ్బు కొరత సాకు చెప్పడానికి లేదు, లూకాస్ షరతూ కాదు. ఇది ముమ్మాటికీ రచయిత సొమ్ము. మన నేల మీద పుట్టి చరిత్ర చదువుకుంటున్న పిల్లవి, నీ సమీక్షలో ఇది లేకపోవడమే నన్ను నిరాశపరిచింది. సినిమాలతో సరిపోల్చే పనిలో పడి చదవడం మానేశావు.

గ్రామెల్ అనే అధికారి విషయంలో నీ మాటతో ఏకీభవిస్తాను. క్రూరుడు, అంతే, ఇంకేమీ లేదు.

వేడర్‌తో పోరాటం గురించి కొంచెం ఆగి చెప్పాలి. ‘రెండో సినిమాలో వేడర్ చేతిలో చిత్తుగా ఓడిన ల్యూక్ ఇక్కడ అతని చెయ్యి ఎలా నరుకుతాడు’ అన్నది నీ ప్రశ్న. 1978లో ఆ రెండో సినిమా లేదు కాబట్టి ఆ ప్రశ్న చెల్లదు. అయినా ఆ గెలుపు నాకూ మింగుడుపడలేదు, దానికి కారణం వేరు. ల్యూక్ లోపల అతని గురువు బెన్ కెనోబీ ఆత్మ చేరి నడిపిస్తుంది. అంటే ఈ కుర్రాడు భయాన్ని జయించి గెలిచాడా, లేక ముసలాయన గెలిపించాడా? పుస్తకమంతా కష్టపడి నడిచొచ్చినవాడికి ఆఖర్లో విజయం అరువు సొమ్మైపోయింది. చూశావా, నువ్వు తప్పు పట్టిన చోటే తప్పుంది, కానీ నువ్వు చెప్పిన తప్పు కాదు.

దానికి ముందు పేజీల్లో జరిగేది మాత్రం నువ్వు ఎలా దాటేశావో! ల్యూక్ రాయి కింద చిక్కుకుపోతే లేయా అతని కత్తి అందుకుని వేడర్‌కి ఎదురు నిలుస్తుంది. గెలవలేదు, గెలవలేనని ఆమెకీ తెలుసు. దెబ్బలు తింటూ నిలబడుతుంది. తన గ్రహాన్ని తన కళ్ల ముందే బూడిద చేయించిన వాళ్లలో ఒకడితో ఆ పిల్ల ముఖాముఖి తలపడటం ఏ సినిమాలోనైనా చూశావా? మూడు సినిమాల్లోనూ లేయా వేడర్ మీద కత్తి ఎత్తింది లేదు. ఆ పేజీల కోసమైనా నేను ఈ పుస్తకాన్ని అటక ఎక్కించను.

ఇక ‘ఇది అధికారిక కథ కాదు కాబట్టి చదవక్కర్లేదు’ అన్న నీ ముగింపు. 2012లో డిస్నీ లూకాస్‌ఫిల్మ్‌ని కొన్నది, 2014 ఏప్రిల్‌లో పాత నవలలన్నిటినీ ‘లెజెండ్స్’ అని పక్కన పెట్టింది. కొత్త సినిమాలు తీసుకునేవాళ్లకి చేతులు కట్టేసినట్టుండకూడదని చేసిన ఏర్పాటు అది. వ్యాపారంగా న్యాయమే. కానీ కంపెనీ తన సరుకు ఏ అరలో సర్దుకుందో అన్నది పాఠకుడికి తీర్పు ఎలా అవుతుంది? పైగా ఆ కంపెనీయే అరలోంచి తీసుకుని వాడుకుంటోంది. ఈ నవలలో అందరూ వెతికే ఎర్ర స్ఫటికం కైబర్. ఆ పేరు నిజానికి లూకాస్ తొలి స్క్రిప్టు ప్రతుల్లోది, సినిమాలోకి రాకుండా మిగిలిపోతే ఫాస్టర్ వాడుకున్నాడు. 2016లో ‘రోగ్ వన్’ చూశావుగా, అందులో కైబర్ స్ఫటికాలున్నాయి. 2018లో ‘సోలో’లో హాన్ బురదలో యుద్ధం చేసే గ్రహం పేరేమిటో ఓసారి చూసుకో. మింబన్!

ఆ రాసినవాళ్లకి దక్కాల్సింది దక్కుతుందా అన్నది వేరే గొడవ. 2020లో ఫాస్టర్, అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం కలిసి, ఈ నవలలు ఇంకా అమ్ముడవుతున్నా రాయల్టీ ఆపేశారని డిస్నీ మీద బహిరంగంగానే ఫిర్యాదు చేశారు. అభిమానులు ఏది అసలు కథ, ఏది కాదని కొట్టుకుంటుంటే, రాసిన ముసలాయన బాకీ అడగాల్సి వచ్చింది. ఈ ముక్క నీ సమీక్షలో పడితే బరువొస్తుంది.

మార్పులు ఏం చెయ్యాలంటావా. అభిమానినని మొదటి వాక్యంలోనే చెప్పెయ్యి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నిష్పక్షపాతిలా గొంతు సవరించుకుని రాసిన ఆ తొలి పేరా నీది కాదు, ఎవరో పెద్దమనిషిది. మార్కులు వెయ్యకు. అయిదుకి ఒకటిన్నర అంటే ఎవరికేం అర్థమవుతుంది? పుస్తకాన్ని 1978లో కూర్చుని చదివినట్టు ఒకసారి చెప్పు, ఇవాళ చదివితే ఎలా ఉందో తర్వాత చెప్పు, ఆ రెంటినీ కలిపెయ్యకు. మూడో పేరా, అంటే సినిమాలతో తేడాల జాబితా, పూర్తిగా కొట్టెయ్యి. దాని చోట కోవే తెగ గురించి రాయి.

మొన్న ఫోన్లో ‘హెయిర్ టు ది ఎంపైర్’ అడిగావు కదా, నా దగ్గరుంది. టిమోతీ జాన్ 1991లో రాసింది. అప్పటికి మూడు సినిమాలూ వచ్చేశాయి, రహస్యాలన్నీ బయటపడ్డాయి, ఫాస్టర్‌కి లేని వెసులుబాటు ఇతనికి దొరికింది. థ్రాన్ అనే ప్రతినాయకుడు అందులోనే పుట్టాడు, గ్రామెల్‌ని చదివిన వెంటనే అతన్ని చదివితే తేడా నీకే తెలుస్తుంది. ఇస్తాను, కానీ ఈ సమీక్ష తిరగరాసి పంపాకే. పత్రికకి ఇంకా వారం గడువుందని మీ అమ్మ చెప్పింది, కాబట్టి టైం లేదని మాత్రం అనకు.

మీ అమ్మానాన్నలని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో
మామయ్య