కర్ర నీడతో సూర్యుడి ఎత్తు కొలవడం ఎలా?

డాబా మీద సోలార్ పలకలు పెట్టించాలన్నా, కిటికీకి సజ్జ ఎంత ముందుకు పోయాలో తేల్చుకోవాలన్నా ముందు ఒకటి తెలియాలి: మిట్టమధ్యాహ్నం మీ ఊళ్లో సూర్యుడు ఎంత ఎత్తుకు ఎక్కుతాడు? అది అక్షాంశాన్ని బట్టీ, నెలను బట్టీ మారుతుంది. కర్ర, టేపు, సుద్దముక్క, కోణమానిని ఉంటే మీరే కొలుచుకోవచ్చు.

1. కర్ర పాతండి
చదునైన నేల మీద, కొన సరిగ్గా మీటరు ఎత్తులో ఉండేలా పాతండి. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే నిట్టనిలువుగా ఉందో లేదో తెలిసిపోతుంది.

2. అన్నిటికన్నా పొట్టి నీడ పట్టుకోండి
పదకొండున్నర నుంచి ఒంటి గంట దాకా ఐదేసి నిమిషాలకోసారి నీడ కొన దగ్గర చుక్క పెట్టండి. కర్ర మొదలుకు అన్నిటికన్నా దగ్గరగా పడిన చుక్కే అసలు మధ్యాహ్నం. అది సరిగ్గా పన్నెండుకే రాదు. మన గడియారాల సమయం కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. హైదరాబాదు దానికి 4 డిగ్రీలు పడమర కాబట్టి అక్కడ మధ్యాహ్నం సగటున 16 నిమిషాలు ఆలస్యం.

జాగ్రత్త: సూర్యుణ్ణి నేరుగా చూడకండి. చూడాల్సింది నీడనే.

3. కోణం గీయండి
కాగితం మీద 10 సెం.మీ. నిలువు గీత గీయండి. దాని అడుగు నుంచి నీడ పొడవులో పదోవంతు అడ్డగీత గీసి, రెండు కొనలూ కలపండి. అడ్డగీత చివర ఏర్పడిన కోణమే సూర్యుడి ఎత్తు.

4. లెక్కతో సరిచూసుకోండి
భూమి అక్షం 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది. అందుకే సూర్యుడు నడినెత్తికి వచ్చే చోటు ఏడాది పొడవునా భూమధ్యరేఖకు అటు 23.4, ఇటు 23.4 డిగ్రీల మధ్య తిరుగుతుంది. హైదరాబాదు (17.4 డిగ్రీలు) లెక్క ఇది:

- మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతంలో: 90 లోంచి అక్షాంశం తీసేస్తే 72.6 డిగ్రీలు. నీడ 31 సెం.మీ.
- డిసెంబరు 22 ప్రాంతంలో: మరో 23.4 తీసేస్తే 49.2. నీడ 86 సెం.మీ.
- జూన్ 21 ప్రాంతంలో: 72.6కు 23.4 కలిపితే 96. తొంభై దాటిందంటే సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరిగాడని అర్థం. పది సెంటీమీటర్ల నీడ దక్షిణానికి పడుతుంది.

5. ఊళ్లు పోల్చి చూడండి
ఢిల్లీలో (28.6) డిసెంబరు ఎత్తు 38 డిగ్రీలే. అక్కడ సూర్యుడు నడినెత్తికి ఎన్నడూ రాడు. కర్కటరేఖకు దక్షిణాన ఉన్న తెలుగు ఊళ్లలో మాత్రం ఏటా రెండుసార్లు వస్తాడు. ఆ మధ్యాహ్నం నిలువు కర్రకు నీడే ఉండదు. హైదరాబాదులో అది మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో.

6. ఇంటికి వాడుకోండి
సోలార్ పలకలను దక్షిణానికి తిప్పి, దాదాపు మీ అక్షాంశమంత వాలు ఇవ్వండి. హైదరాబాదులో 4 అడుగుల దక్షిణపు కిటికీకి ఆనుకుని పైన అడుగుంపావు సజ్జ ఉంటే మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. డిసెంబరులో కింది రెండున్నర అడుగుల్లోంచి వస్తుంది.

ఇల్లు కట్టాక సజ్జ పెంచడం కష్టం. ప్లాను గీయించక ముందే ఈ కొలత మీ మేస్త్రీ చేతిలో పెట్టండి.