పాత కాసెట్లలోని పలుకులు: కంప్యూటరులో భద్రపరచు విధానము

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములలోని ముస్లిం గృహములలో ఒక కాలమున ఉత్తరము కన్న కాసెట్టుకే ఆదరము మెండుగా నుండెడిది. 1970వ దశకము మొదలుకొని కువైత్, సౌదీ అరేబియా దేశములకు పనికై వెళ్ళినవారు, సెలవున వచ్చు స్నేహితుల చేత టేపురికార్డరును, దానితోపాటు తమ మాటలను నింపిన కాసెట్టును ఇంటికి పంపెడివారు. చదువురాని తల్లికి ఉత్తరము చదివి వినిపించుటకు మరియొకరు కావలెను. కొన్ని సంగతులు ఆ మరియొకరి యెదుట వ్రాయరానివి. కాసెట్టుకు ఆ చిక్కు లేదు. ఇంటివారు దానిని విని, రెండవవైపున తమ మాటలు నింపి తిరిగి పంపెడివారు. ఉర్దూలో మొదలైన సంభాషణ నడుమ తెలుగులోనికి జారును. కుప్పం కాసెట్లలో తమిళ కన్నడములు కూడ తొంగిచూచును.

మదనపల్లెకు ధ్వనిని భద్రపరచుటలో పూర్వచరిత్ర యొకటి కలదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరు ఇచ్చటి బీసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి జనగణమన పాడగా, మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరలిపి వ్రాసిరి. బాణీ నిలిచినది. అయితే ఆ సాయంకాలము పాడిన గొంతు కాగితముపై నిలువదు. మన యిండ్లలోని కాసెట్లలో గొంతే కలదు. అందువలననే వానిని గూర్చి ఇంత తొందర.

ఫిలిప్స్ సంస్థ 1963లో వెలువరించిన ఈ కాసెట్టులోని టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు లోపు. అది సెకండునకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడచును. ప్లాస్టిక్ పొరపై పూసిన ఇనుప ఆక్సైడు రేణువులలో ధ్వని అయస్కాంత రూపమున నిలిచియుండును. కంప్యూటరు ఆ ధ్వనిని సెకండునకు 44,100 మారులు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. మన చెవి వినగల గరిష్ఠ పౌనఃపున్యము సుమారు 20,000 హెర్ట్జులు. దానికి రెట్టింపునకు మించి కొలిచిన చాలును.

పని ప్రారంభింపకముందే కాసెట్టు వెన్నున నున్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరిచివేయవలెను. మేము ఈ మాటను మొదట వ్రాయుటకు కారణము కలదు. మాలో ఒకరి ఇంట నానీ గొంతు గల కాసెట్టును వినబోయి రికార్డు మీటను కూడ నొక్కితిమి. తొమ్మిది సెకండ్లు పోయినవి. ఆమె మనుమలకు పేరుపేరున దువా చెప్పుచున్న చోటు అది. ఇప్పుడక్కడ మా గదిలోని పంకా చప్పుడు వినవచ్చును. చెరిగిన పేరు ఎవరిదో ఇంటివారు ఇప్పటికిని లెక్కించుచునే యున్నారు.

పిమ్మట టేపురికార్డరు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదితో తుడిచి ఆరనీయవలెను. కాసెట్టును ఒకమారు చివరివరకు చుట్టి తిరిగి వెనుకకు చుట్టవలెను. (టేపు వదులైనచో పెన్సిలు దూర్చి త్రిప్పుట పెద్దలకు తెలియును. నేటి విద్యార్థులు దీనిని చూచి నవ్విరి.) శబ్దము మూసుకొనిపోయినట్లున్నచో టేపును హెడ్డునకు ఒత్తిపట్టు చిన్న గుడ్డముక్క ఊడినదేమో చూడవలెను. అట్లయినచో టేపును మరలున్న వేరొక పెట్టెలోనికి మార్చవలెను. ఆ గుడ్డ సరిగానుండియు శ, స అక్షరములు మసకబారినచో, హెడ్డు ప్రక్కనున్న మరను చిన్న స్క్రూడ్రైవరుతో కొద్దికొద్దిగా త్రిప్పుచు, అవి తేటపడు చోట ఆపవలెను. పంపినవారి యంత్రము వేరు, మన యంత్రము వేరు. కావున ఈ సవరణ ప్రతి కాసెట్టుకును అవసరము కావచ్చును.

టేపురికార్డరు లైన్-అవుట్ నుండి కంప్యూటరు లైన్-ఇన్‌నకు తీగ కలుపవలెను. మైకు రంధ్రము బలహీనమైన సంకేతముల కొరకు ఏర్పడినది. అందులో కలిపినచో గొంతు పగిలినట్లగును. లాప్‌టాప్‌లో లైన్-ఇన్ లేనిచో, అది గల చిన్న యు.ఎస్.బి. సౌండు కార్డు చాలును. ఆడాసిటీ అను సాఫ్టువేరు ఉచితముగా లభించును. అందలి కొలమానము మైనస్ 6 డెసిబెల్ దగ్గర ఆడునట్లు అమర్చి, మీట నొక్కి, కూర్చుండవలెను. తొంబది నిమిషముల కాసెట్టు తొంబది నిమిషములు నడువవలసినదే.

మొదటి ప్రతిని వేవ్ రూపమున ఉంచవలెను. గంటకు సుమారు 635 మెగాబైట్లగును. బంధువులకు ఫోనులో పంపుటకు ఎం.పీ.3 ప్రతి చాలును. 128 కిలోబిట్ల రేటున అది గంటకు 58 మెగాబైట్లే. అయితే మొదటి ప్రతిని ఎన్నడును దిద్దరాదు. బుసశబ్దమును తొలగించు సాధనమును మేము పుంగనూరు కాసెట్టు పైన అత్యుత్సాహముతో ప్రయోగించితిమి. బుస పోయినది. దానితో మాటల చివరి ఊపిరియు, వెనుక దూరమున వినవచ్చుచుండిన అజానును పోయినవి. ఆ అజానును విని, ఆ యిల్లాలు అది ఏ మసీదుదో, ఆ కాసెట్టు నింపిన నాడు తాము ఏ అద్దె ఇంట నుండిరో చెప్పగలిగినది. కావున బుసతో నున్న ప్రతినే ఆమెకు ఇచ్చితిమి.

ప్రతి ఫైలు పేరునందు ఊరు, సంవత్సరము, కాసెట్టు వైపు వ్రాయవలెను. మాటలాడినది ఎవరో తెలిసిన పెద్దలు జీవించియుండగనే అడిగి వ్రాసికొనవలెను. టేపు చెప్పని సంగతి అదియొక్కటే. ఒక ప్రతి ఇంటను, మరియొకటి వేరొక ఊరి బంధువుల వద్దను ఉండవలెను. అసలు కాసెట్టును స్పీకర్ల చెంత ఉంచరాదు, పారవేయరాదు.

కుప్పం నుండి వచ్చిన సంచిలో ఇంకను పదునొకండు కాసెట్లున్నవి. వానిలో రెండింటికి ఒత్తుగుడ్డ లేదు, ఒకదానిపై పేరు లేదు. రానున్న ఆదివారము ఆ పేరు లేనిదానితో ప్రారంభింతుము.