ఫీజు లేని సీటా.. పేరున్న కాలేజీయా?

ఇంటర్ పూర్తయిన పిల్లలున్న ఇళ్లలో జూన్, జులై నెలలు అంత తేలిగ్గా గడవవు. ఈఏపీసెట్ ర్యాంకుతో యూనివర్సిటీ కాలేజీలో కన్వీనర్ సీటు వస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తే ఇంటి నుంచి పెట్టాల్సింది పెద్దగా ఉండదు. లేదంటే ప్రవేశ పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నందుకు ఒక ప్రైవేటు యూనివర్సిటీ నూరు శాతం స్కాలర్‌షిప్ ఇస్తామంటూ లెటర్ పంపుతుంది. అదే వారంలో దేశమంతా పేరున్న మరో కాలేజీ నుంచి కూడా అడ్మిషన్ వస్తుంది. అక్కడ నాలుగేళ్లకు పాతిక లక్షలు కావాలి. ‘అప్పోసప్పో చేసి చదివిస్తా, డబ్బు సంగతి నువ్వు ఆలోచించకు’ అంటారు నాన్న. ‘ఆ కాలేజీ పేరు చెబితే చాలు, ఉద్యోగం వెతుక్కుంటూ వస్తుంది’ అంటాడు బాబాయి. ఫీజు కట్టడానికి నాలుగు రోజులే గడువు.

ఇలాంటి సమయంలో నేను చెప్పేది ఒకటే. ఆ ఖరీదైన కాలేజీ పేరు మీకు ఏ దారి తెరుస్తుందో మీరు స్పష్టంగా చెప్పగలగాలి. దానికోసం చేసే అప్పు మీ ఇంటిని కుంగదీయదని లెక్కలో తేలాలి. ఈ రెండూ కుదిరితే ధైర్యంగా చేరండి. రెండింటిలో ఏది లోపించినా ఫీజు లేని సీటు తీసుకోండి. ఎందుకో వివరంగా చూద్దాం.

ముందు అప్పు లెక్క

చాలా ఇళ్లలో ఫీజు ఎంతో తెలుస్తుంది కానీ, అది చివరికి ఎంత అప్పుగా తేలుతుందో ఎవరూ లెక్క వేయరు. ఒక కాగితం తీసుకుని వేసి చూద్దాం. ఏడాదికి 5 లక్షల చొప్పున నాలుగేళ్లలో 20 లక్షలు బ్యాంకు నుంచి తీసుకున్నారనుకోండి. వడ్డీ 10 శాతం. సాధారణంగా చదువు పూర్తయ్యాక మరో ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు. కానీ వడ్డీ పడుతూనే ఉంటుంది. బారువడ్డీ లెక్కనే చూసినా ఆ అయిదేళ్లలో 7 లక్షల వడ్డీ చేరుతుంది. మొదటి వాయిదా కట్టేనాటికి బాకీ 27 లక్షలు.

దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 35,700 రూపాయలు కట్టాలి. పదిహేనేళ్లు పెట్టుకుంటే వాయిదా 29,000కు తగ్గుతుంది. కానీ మొత్తం కట్టేది 52 లక్షలు దాటుతుంది. ఇప్పుడు మొదటి జీతం సంగతి చూడండి. ఏడాదికి 12 లక్షల ప్యాకేజీ వస్తే ఆ వాయిదా బరువే అయినా మోయగలరు. నాలుగు లక్షల ప్యాకేజీతో ఫ్రెషర్‌గా చేరితే చేతికొచ్చేది దాదాపు వాయిదాకే సరిపోతుంది. గది అద్దె, తిండి, ఇంటికి పంపాల్సిన డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? వాయిదా చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకుండా చూసుకోండి. ఈ లెక్క వేసేటప్పుడు ఆ కాలేజీలో మీ బ్రాంచిలో మధ్యస్థంగా ఉన్న విద్యార్థికి వచ్చిన జీతాన్ని తీసుకోండి. టాపర్ జీతం తీసుకుంటే లెక్క తప్పుతుంది.

అప్పు తప్పదనుకుంటే ప్రభుత్వ సాయం ఏముందో ముందు చూడండి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపిక చేసిన నాణ్యమైన విద్యాసంస్థల్లో మెరిట్‌తో సీటు తెచ్చుకున్నవారికి పూచీకత్తు, తాకట్టు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు, ఇతర వడ్డీ రాయితీలు పొందనివారికి 10 లక్షల వరకు రుణంపై చదువుకునే కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. ఈ రాయితీ ఏటా పరిమిత సంఖ్యలోనే ఇస్తారు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారికి ఈ పథకం వర్తించదు. అందుకే బీ కేటగిరీ సీటుకు డొనేషన్ కట్టి, ఆపై బ్యాంకుకు వెళ్దామనుకునేవారు ముందే ఆలోచించుకోవాలి.

పేరు నిజంగా ఎంత పనిచేస్తుంది?

ఈ ప్రశ్నపై అమెరికాలో ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు చేసి ఒకేలా అడ్మిషన్లు పొందిన విద్యార్థుల్లో కొందరు బాగా పేరున్న కాలేజీలో, మరికొందరు అంత పేరులేని చోట చేరారు. తర్వాతి కాలంలో వారి సంపాదనల్లో సగటున పెద్ద తేడా కనిపించలేదు. పెద్ద కాలేజీలో సీటు తెచ్చుకోగల సత్తా ఉన్న విద్యార్థి ఎక్కడ చదివినా రాణించాడు. అయితే పేద కుటుంబాల పిల్లల విషయంలో కాలేజీ పేరు తేడా చూపింది. పెద్దగా చదువుకోని తల్లిదండ్రుల పిల్లలకు మేలు కలిగిందని వారి తర్వాతి అధ్యయనంలో తేలింది. 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ బృందం మరో కోణం చూపింది. ఐవీ లీగ్, ఆ స్థాయి యూనివర్సిటీల్లో చదివితే సగటు ఆదాయం పెద్దగా పెరగదు. కానీ సంపాదనలో అగ్రస్థాయి 1 శాతానికి చేరే అవకాశం, పేరున్న సంస్థల్లో ఉద్యోగం దొరికే అవకాశం బాగా పెరుగుతాయి.

అది అమెరికా సంగతి. మన దగ్గరకు వచ్చేసరికి దీన్ని ఇలా అర్థం చేసుకోవచ్చు. పెద్ద సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంపెనీల్లో ఉద్యోగమే లక్ష్యమైతే కాలేజీ పేరు కోసం పాతిక లక్షలు పోయాల్సిన పని లేదు. టీసీఎస్ నేషనల్ క్వాలిఫయర్ టెస్ట్ లాంటి పరీక్షలు ఏ కాలేజీ విద్యార్థి అయినా రాయవచ్చు. ఎంపికైతే అదే ఉద్యోగానికి అందరికీ ఇచ్చే ప్యాకేజీయే మీకూ ఇస్తారు. గేట్, యూపీఎస్సీ, గ్రూప్స్ రాయాలనుకునేవారిని పరీక్షలో ఏ కాలేజీలో చదివావని అడగరు. ట్రేడింగ్ సంస్థలు, పేరున్న కన్సల్టింగ్ కంపెనీలు, కొన్ని ప్రొడక్ట్ కంపెనీలు మాత్రం ఎంచుకున్న కొన్ని క్యాంపస్‌లకే వెళ్తాయి. మీ లక్ష్యం అక్కడుంటే పేరుకు విలువ ఉంది.

పేరున్న చోటల్లా ఖరీదు ఉండదు

ఐఐటీ బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు అని చూసి భయపడి, ఆప్షన్లే పెట్టని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఇతరుల్లో కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తిగా, 5 లక్షల లోపు ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ చేస్తారు. ఎన్ఐటీల్లోనూ ఇలాంటి రాయితీలే ఉన్నాయి. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే టాప్ క్లాస్ ఎడ్యుకేషన్ స్కాలర్‌షిప్‌కు ఆదాయ పరిమితి 8 లక్షలు. బిట్స్ లాంటి ప్రైవేటు సంస్థల్లోనూ మెరిట్, మెరిట్ కమ్ నీడ్ రాయితీలున్నాయి. ఇక పదో తరగతి తర్వాతే నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు ఉండనే ఉంది. కాబట్టి ఫ్రీ సీటు, ఖరీదైన సీటు అని రెండుగా విడదీసే ముందు తక్కువ ఖర్చుతో మంచి పేరున్న సీటు మీకు అందుబాటులో ఉందేమో చూడండి. ఆదాయ ధ్రువీకరణ పత్రం ముందే సిద్ధంగా పెట్టుకోండి. అది చేతిలో లేక రాయితీ పోగొట్టుకునేవారున్నారు.

స్కాలర్‌షిప్ లెటర్ రెండో పేజీ చదవండి

మొదటి పేజీలో ‘నూరు శాతం స్కాలర్‌షిప్’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అసలు సంగతులు రెండో పేజీలో ఉంటాయి. మాఫీ అయ్యేది ట్యూషన్ ఫీజేనా? హాస్టల్, మెస్, బస్సు, పరీక్ష ఫీజులు వేరుగా కట్టాలా? ట్యూషన్ లేకపోయినా హాస్టల్, మెస్‌కే ఏడాదికి లక్షన్నర అయ్యే చోట్లున్నాయి. తర్వాత సీజీపీఏ షరతు చూడండి. ఏటా 8.5 నిలబెట్టుకోవాలి, ఒక్క బ్యాక్‌లాగ్ ఉండకూడదు, హాజరు 75 శాతం తగ్గకూడదు అని రాసుండవచ్చు. ఒక సెమిస్టర్‌లో గీత దాటితే ఆ ఏడాదికే పోతుందా, మిగతా సంవత్సరాలన్నింటికీ పోతుందా? మళ్లీ మార్కులు తెచ్చుకుంటే తిరిగి ఇస్తారా? మీకు నచ్చిన బ్రాంచికే ఈ రాయితీ వర్తిస్తుందా? ఈ ప్రశ్నలకు కౌన్సెలర్ నోటిమాటగా చెప్పింది నమ్మకండి. అడ్మిషన్ కార్యాలయానికి ఈమెయిల్ రాసి, జవాబు ఈమెయిల్‌లోనే తెప్పించుకోండి. గత ఏడాది స్కాలర్‌షిప్‌తో చేరినవారిలో రెండో సంవత్సరంలో ఎంతమందికి కొనసాగిందని కూడా అడగండి. దానికి సూటిగా చెప్పే కాలేజీని నమ్మవచ్చు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడేవారు కూడా నిబంధనలు చూసుకోవాలి. ఉదాహరణకు తెలంగాణలో సాధారణంగా బీసీ, ఈబీసీ విద్యార్థులకు 10 వేల లోపు ర్యాంకు ఉంటే పూర్తి ఫీజు వస్తుంది. ఆపై ర్యాంకు వారికి ఏడాదికి 35 వేలే. మిగతాది ఇంటి నుంచి పెట్టుకోవాలి. ప్రభుత్వం నుంచి బకాయిలు ఆలస్యమై కాలేజీలు ముందు విద్యార్థులనే కట్టమనడం, చదువు పూర్తయ్యాక సర్టిఫికెట్లు ఆపడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూస్తున్నాం. అందుకే ఫ్రీ సీటు వచ్చినా ఒక ఏడాది ఫీజుకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకుని చేరండి.

ప్లేస్‌మెంట్ పోస్టర్ వెనుక

‘అత్యధిక ప్యాకేజీ 44 లక్షలు’ అనే పోస్టర్ మీ సీటు గురించి ఏమీ చెప్పదు. అది వచ్చింది ఒక్కరికే. మీకు కావాల్సింది మధ్యస్థ ప్యాకేజీ. ఎంతమంది రిజిస్టర్ అయితే ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయో, మీ బ్రాంచిలో పరిస్థితేమిటో కూడా తెలియాలి. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌లో పాల్గొనే కాలేజీలు కేంద్రానికి సమర్పించిన వివరాలను తమ వెబ్‌సైట్‌లో పెడతాయి. అందులో ఎంతమంది పట్టభద్రులయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత, ఎంతమంది పైచదువులకు వెళ్లారు అనే అంకెలుంటాయి. ఫ్రీ సీటు ఇస్తున్న కాలేజీదీ, ఖరీదైన కాలేజీదీ ఆ పీడీఎఫ్‌లు పక్కపక్కన పెట్టుకుని చూడండి. మధ్యస్థ జీతాల్లో తేడా కొద్దిగానే ఉంటే పాతిక లక్షల అప్పుకు అర్థం లేదు. మధ్యస్థ జీతం రెట్టింపు ఉంటే ఆలోచించదగ్గ మాటే.

రెండో చదువును మర్చిపోకండి

మన తెలుగు పిల్లల్లో చాలామందికి బీటెక్ చివరి చదువు కాదు. ఎంఎస్ కోసం అమెరికా వెళ్లాలనో, ఎంబీఏ చేయాలనో అనుకుంటారు. అప్పటికి ఉద్యోగాల్లో మొదట చూసేది చివరి డిగ్రీనే. బీటెక్‌కే 27 లక్షల బాకీ నెత్తిన పెట్టుకుంటే, ఎంఎస్‌కు మళ్లీ రుణం కోసం బ్యాంకుకు వెళ్లినప్పుడు పాత అప్పు అడ్డొస్తుంది. బీటెక్ అప్పు లేకుండా పూర్తిచేస్తే ఆ రెండో మెట్టులో ధైర్యంగా పేరున్న చోటు ఎంచుకోవచ్చు. గేట్‌లో మంచి స్కోరు తెచ్చుకుని ఐఐటీలో ఎంటెక్ చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. చదువు కోసం మనం భారీగా డబ్బు కట్టడం పోయి, చదువుతున్నందుకు మనకే డబ్బు వస్తుంది. ప్రతిభ ఉండి డబ్బు లేని విద్యార్థికి ఇదే మేలైన దారి అని నేను గట్టిగా నమ్ముతాను.

ఖరీదైన కాలేజీ సరైనది ఎప్పుడు?

కుటుంబంలో అంతకుముందు ఎవరూ కాలేజీ చదవనివారికి పేరున్న క్యాంపస్ ఎక్కువ ఇస్తుంది. ఇంటర్న్‌షిప్ ఎలా వెతుక్కోవాలో చెప్పే సీనియర్లు, సిఫారసు లేఖ రాసే ప్రొఫెసర్లు, కంపెనీల్లో ఉన్న పూర్వ విద్యార్థులు అక్కడ దొరుకుతారు. ఆ సాయం ఇంట్లో దొరకదు కాబట్టే వారికి క్యాంపస్ విలువ పెరుగుతుంది. కానీ అప్పు ఎక్కువగా కుంగదీసేదీ ఆ కుటుంబాలనే. అందుకే అలాంటి విద్యార్థులు ముందు ఫీజు మాఫీ ఉన్న ఐఐటీ, ఎన్ఐటీల కోసం గట్టిగా ప్రయత్నించాలి. ఖరీదైన ప్రైవేటు కాలేజీకి వెళ్లాలంటే మీ బ్రాంచి మధ్యస్థ జీతం వాయిదాకు మూడు రెట్లు ఉండాలి. పొలం, ఇల్లు తాకట్టు పెట్టే పరిస్థితి రాకూడదు. ఏదో కారణంతో ఉద్యోగం ఏడాది ఆలస్యమైనా వాయిదాలు ఎవరు కడతారో ముందే తేల్చుకుని ఉండాలి.

ఫ్రీ సీటులో చేరినవారికి

మిగిలిన డబ్బులో కొంత మీ చదువు మీదే పెట్టండి. మంచి ల్యాప్‌టాప్ కొనుక్కోండి. ఎన్‌పీటీఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం చిన్న ఫీజు ఉంటుంది. రెండో సంవత్సరం నుంచే ప్రాజెక్టులు చేసి, కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టండి. వేసవి ఇంటర్న్‌షిప్‌ల కోసం ఐఐటీలు, పరిశోధన సంస్థల ప్రొఫెసర్లకు స్వయంగా రాయండి. కాలేజీ తెచ్చిపెట్టని పరిచయాలను మీరే సంపాదించుకోవాలి. అడిగితే సాయం చేసేవారు చాలామంది ఉన్నారు, అడగడానికి మొహమాటపడకండి.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. ‘డబ్బు సంగతి నువ్వు ఆలోచించకు’ అనే మాట ప్రేమతో వచ్చేదే. కానీ ఆ అప్పు వాయిదాలు కట్టేది రేపు మీ పిల్లలే. అందుకే ఈ రోజే వాళ్లను కూర్చోబెట్టి ఇంటి ఆదాయం, అప్పులు, పొలం పరిస్థితి దాచకుండా చెప్పండి. లెక్క ముందు పెట్టుకుని ఆ పిల్లలే నిర్ణయిస్తే, ఏ కాలేజీలో చేరినా ఆ సీటు విలువ తెలుసుకుని చదువుతారు.