ఇల్లు అమ్మేవేళ ఏజెంటు మార్పు: కమిషన్ సంగతులు

చిరంజీవి మేనల్లుడికి దీవెనలు.

అమెరికాలో ఇల్లు అమ్మకానికి పెట్టి, నెలలు గడిచినా సరైన ఆఫరు రాకపోవడంతో ఏజెంటును మార్చాలనుకొనేవారు అన్నిటికన్నా ముందు గ్రహించవలసిన సంగతి ఒకటుంది. అక్కడ అమ్మకందారు ఒప్పందం కుదుర్చుకొనేది ఇంటికి వచ్చి ఫొటోలు తీయించి ముంగిట్లో బోర్డు పాతించిన ఏజెంటుతో కాదు, ఆ ఏజెంటు ఏ సంస్థ కింద పనిచేస్తున్నాడో ఆ బ్రోకరేజీతో. ఇంటిని అమ్మిపెట్టే బాధ్యతను బ్రోకరేజీకి అప్పగిస్తూ రాసుకొనే ఈ పత్రాన్ని లిస్టింగ్ అగ్రిమెంట్ అంటారు. టెక్సాస్‌లో సేల్స్ ఏజెంటు లైసెన్సు ఉన్నవాడు ఒక స్పాన్సరింగ్ బ్రోకరు కింద తప్ప పనిచేయలేడు. కమిషన్ సైతం బ్రోకరుకు చేరాకే అతనికి వాటాగా అందుతుంది. తక్కిన రాష్ట్రాల్లోనూ ఏర్పాటు ఇంచుమించు ఇదే. కాబట్టి ఏజెంటు మార్పు అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులున్నాయి. అదే బ్రోకరేజీలో మరో ఏజెంటును కోరుకోవడం మొదటిది. దానికి ఆ సంస్థ మేనేజింగ్ బ్రోకరుకు ఒక ఉత్తరం రాస్తే సాధారణంగా సరిపోతుంది, ఒప్పందం గడువూ కమిషనూ ఉన్నవి ఉన్నట్టే కొనసాగుతాయి. బ్రోకరేజీనే వదిలి వేరొక సంస్థకు వెళ్లడం రెండోది, చిక్కులన్నీ అందులోనే ఉంటాయి. మొదటి దారి ఉందని తెలియక నేరుగా రెండో దారి పట్టేవారే ఎక్కువ.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఫ్లాటు అమ్మిన అలవాటు ఈ విషయంలో మనిషిని దారి తప్పిస్తుంది. అక్కడ యజమాని తనకు తెలిసిన నలుగురు బ్రోకర్ల చెవిన ధర వేస్తాడు, పార్టీని తెచ్చినవాడు ఒక శాతమో రెండు శాతమో పుచ్చుకుంటాడు, తేలేనివాడు ఊరకుంటాడు. సంతకాల ప్రసక్తి తరచుగా ఉండనే ఉండదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 219వ సెక్షను కూడా, ప్రత్యేక ఒప్పందమేదీ లేనప్పుడు, పని పూర్తయ్యేదాకా ఏజెంటుకు ప్రతిఫలం రాదనే చెబుతుంది. 2016లో వచ్చిన రెరా చట్టం, నమోదు కావలసిన ప్రాజెక్టుల్లో అమ్మకాలు జరిపే ఏజెంట్లు తామూ నమోదు చేయించుకోవాలని నిర్బంధించింది గాని కమిషన్ ఇంతని నిర్ణయించలేదు. నలుగురు బ్రోకర్లకూ చెప్పి ఉంచే ఈ మాదిరి పద్ధతిని అమెరికాలో ఓపెన్ లిస్టింగ్ అంటారు, అయితే ఇళ్ల అమ్మకాల్లో అది అరుదు. ఎక్స్‌క్లూజివ్ ఏజెన్సీ అనే రెండో రకంలో బ్రోకరు ఒక్కడే అయినా, యజమాని తానుగా కొనుగోలుదారును వెతుక్కొంటే కమిషన్ ఇవ్వనక్కరలేదు. మూడోదీ సర్వసాధారణమైనదీ ఎక్స్‌క్లూజివ్ రైట్ టు సెల్; ఒప్పందం అమల్లో ఉన్న కాలంలో ఇంటిని ఎవరు అమ్మినా, చివరికి యజమాని తన పినతల్లి కొడుక్కే అమ్మినా, లిస్టింగ్ బ్రోకరేజీకి కమిషన్ బాకీ పడుతుందని దాని సారాంశం. ఈ మూడో రకం పత్రంపై సంతకం చేసినవాడు, అది ముగియకముందే ఇంకొక బ్రోకరేజీకి అదే రకం పత్రం రాసిచ్చాడంటే, ఒకే ఇంటికి ఇద్దరికీ పూర్తి కమిషన్ మాట ఇచ్చినట్టే. 5 లక్షల డాలర్ల ఇంటికి లిస్టింగ్ వైపు 3 శాతమంటే 15 వేల డాలర్లు. రెండు బ్రోకరేజీలూ అడిగితే 30 వేలు.

ఈ శాతాలు చట్టం విధించినవని అనుకోవడం పొరపాటు. వాషింగ్టన్ నగరంలోని రియల్ ఎస్టేట్ బోర్డు తన సభ్యులకు కమిషన్ రేట్ల పట్టిక నిర్ణయించడం గుత్తాధిపత్య నిరోధక చట్టమైన షెర్మన్ చట్టానికి విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1950లోనే తీర్పు చెప్పింది. అయినా అమ్మకందారే రెండు వైపుల ఏజెంట్లకూ కలిపి 5 నుంచి 6 శాతం చెల్లించడం దశాబ్దాల పాటు ఆచారంగా సాగింది. 2023 అక్టోబరులో కాన్సాస్ సిటీలోని జ్యూరీ ఈ ఆచారం వెనుక కుమ్మక్కు ఉందని తేల్చి దాదాపు 178 కోట్ల డాలర్ల నష్టపరిహారం ప్రకటించగా, ఆ దావాలో ప్రతివాది అయిన ఏజెంట్ల సంఘం నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 2024 మార్చిలో 41.8 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది. ఆ రాజీ ప్రకారం 2024 ఆగస్టు 17 నుంచి, కొనుగోలుదారు ఏజెంటుకు ఇంత ఇస్తామన్న హామీని మల్టిపుల్ లిస్టింగ్ సర్వీసులో, అనగా ఒక ప్రాంతపు బ్రోకరేజీలన్నీ ఇళ్ల వివరాలు పంచుకొనే ఉమ్మడి జాబితాలో, పెట్టరాదు. అందుచేత లిస్టింగ్ బ్రోకరేజీ తీసుకొనేది ఎంత, అవతలి ఏజెంటుకు అమ్మకందారు ఇవ్వజూపేది ఎంత అన్న రెండు అంకెలను విడివిడిగా రాయించుకోవాలి. పాత పత్రంలో రెండూ ఒకే అంకెగా కలిసి ఉంటే, ఏజెంటు మారినప్పుడు పాత బ్రోకరేజీ దేనికి హక్కుదారు అన్న తగవు అక్కడే మొదలవుతుంది.

ఒప్పందాన్ని మధ్యలో ఆపడం గురించి న్యాయశాస్త్రం ఒక సూక్ష్మభేదం పాటిస్తుంది. తన తరఫున పనిచేసే ఏజెంటును తొలగించే శక్తి యజమానికి ఎప్పుడూ ఉంటుంది గాని, గడువు ముగియకముందు నష్టపరిహారం లేకుండా తొలగించే హక్కు అన్నివేళలా ఉండదు. బ్రోకరేజీ తన విధిని తప్పినప్పుడు, అంటే ఇంటిని ఒప్పుకున్నట్టు జాబితాలో పెట్టకపోయినా, వచ్చిన ఆఫరును యజమానికి చూపకపోయినా, వివరాలు తప్పుగా ప్రకటించినా, ఆ హక్కు బలపడుతుంది. అప్పుడు తేదీలతో కూడిన ఈమెయిళ్లు సాక్ష్యంగా నిలుస్తాయి. ఫోన్లు ఎత్తలేదనో ఓపెన్ హౌసులు తక్కువ పెట్టాడనో కలిగే అసంతృప్తి అంతటి కారణం కాదు. ఇంకొక చిక్కు జాబితాలోని హోదాల్లో ఉంది. ఇంటిని జాబితా నుంచి తీసేయమని అడిగితే ఏజెంటు దాన్ని విత్‌డ్రాన్ అని గుర్తించి ఊరుకోవచ్చు. అది ప్రచారం ఆగిందని చెబుతుందే తప్ప ఒప్పందం ముగిసిందని చెప్పదు. ఒప్పందం రద్దయిందని ఇరుపక్షాలూ సంతకం చేసిన విడుదల పత్రం వేరుగా ఉండాలి, దానిలో తేదీ, ముందస్తు రద్దుకు రుసుము ఏదైనా ఉంటే ఆ మొత్తం, ఇకపై ఎటువంటి కమిషన్ హక్కూ మిగలదన్న వాక్యం ఉండాలి. ఈ చివరి వాక్యం లేని విడుదల పత్రాలే ఎక్కువగా కనిపిస్తాయి, తగాదాలూ వాటి నుంచే పుడతాయి.

ఎందుకంటే ఒప్పందం ముగిసిన తరువాత కూడా బతికుండే నిబంధన ఒకటుంది. దీన్ని ప్రొటెక్షన్ పీరియడ్ అంటారు, కొన్ని రాష్ట్రాల్లో సేఫ్టీ క్లాజ్ అని కూడా వ్యవహరిస్తారు. పాత బ్రోకరేజీ ఇల్లు చూపించిన వ్యక్తికి, ఒప్పందం ముగిశాక నిర్ణీత కాలంలోపల, యజమాని అదే ఇంటిని అమ్మితే, కమిషన్ పాత బ్రోకరేజీకే చెందుతుంది. కొనుగోలుదారూ అమ్మకందారూ కూడబలుక్కొని గడువు తీరేదాకా ఆగి, ఆనక కమిషన్ ఎగవేయకుండా కాపాడడానికి పుట్టిన నిబంధన ఇది కాబట్టి దీనిలో అన్యాయమేమీ లేదు. అయితే దీని నిడివి బేరమాడదగినది, 30 రోజులకు ఒప్పుకొనే చోట 180 రోజులు రాసి ఉన్నా చదవకుండా సంతకం పెట్టేవారే ఎక్కువ. ఈ నిబంధన పనిచేయాలంటే పాత బ్రోకరేజీ తాను ఇల్లు చూపినవారి పేర్ల జాబితాను రాతపూర్వకంగా అందజేయాలని చాలా ఫారాలు కోరతాయి. కాలిఫోర్నియా రియల్టర్ల సంఘం ఫారంలో దీనికి ఒప్పందం ముగిశాక 3 రోజుల గడువే ఉంటుంది. ఆ జాబితా గడువులోగా రాకపోతే హక్కు వీగిపోవచ్చు. అంతకంటే ముఖ్యమైనది ఒక మినహాయింపు: ఈలోగా యజమాని మరో లైసెన్సుదారుడైన బ్రోకరుతో ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం చేసుకొని, అతనికి కమిషన్ బాకీ పడినట్లయితే, పాత బ్రోకరేజీ హక్కు వర్తించదని చాలా ఫారాలు చెబుతాయి. టెక్సాస్ రియల్టర్ల సంఘం ఫారంలో, కొత్త బ్రోకరు ఆ సంఘ సభ్యుడై ఉండాలన్న షరతుతో, ఇది ఉంది. ఈ వాక్యం ఉందో లేదో చూడకుండా ఏజెంటును మార్చడం ప్రమాదకరం. ఉంటే ఏజెంటు మార్పు నిశ్చింతగా సాగుతుంది, లేకపోతే పాత జాబితాలోని పేర్లను కొత్త ఒప్పందం నుంచి మినహాయిస్తూ, వారిలో ఎవరైనా నిర్ణీత తేదీలోగా కొంటే కొత్త బ్రోకరేజీకి కమిషన్ ఉండదని, లేదా తగ్గుతుందని రాయించుకోవాలి. కొత్త ఏజెంటు దీనికి మొహం చిట్లించవచ్చు. అయినా అడగక తప్పదు. ఏజెంటును వదిలేసి తామే అమ్ముకుందామనుకొనేవారికి మాత్రం ఆ మినహాయింపు ఎంతమాత్రం అక్కరకు రాదు.

న్యాయస్థానాల వైఖరి మొత్తమ్మీద అమ్మకందారుకు ప్రతికూలం కాదు. 1881లో న్యూయార్క్ అప్పీళ్ల కోర్టు సిబాల్డ్‌కూ బెత్లెహేమ్ ఐరన్ కంపెనీకీ మధ్య వ్యాజ్యంలో చెప్పిన సూత్రం నేటికీ ఉదహరింపబడుతోంది. తీరా అది ఇళ్ల తగవు కాదు, రైలు పట్టాల అమ్మకం మీద దళారీ వేసిన దావా. బేరం కుదర్చలేకపోయిన దళారీ అధికారం సద్బుద్ధితో ముగింపబడినప్పుడు, అతడు నాటిన విత్తనం తరువాత మరొకరి చేతిలో ఫలించినా అతనికి ప్రతిఫలం రాదు. కాని బేరం కుదరబోతుండగా కమిషన్ ఎగ్గొట్టే ఉద్దేశంతోనే తొలగిస్తే వస్తుంది. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1967లో ఎల్స్‌వర్త్ డాబ్స్, జాన్సన్ వ్యాజ్యంలో ఇంకా ముందుకు వెళ్లి, కొనడానికి సిద్ధమైన మనిషిని తెచ్చినంత మాత్రాన కాదు, అమ్మకందారు తప్పు లేకుండా బేరం చెడినచోట కాదు, అమ్మకం నిజంగా పూర్తయినప్పుడే బ్రోకరు కమిషనుకు అర్హుడవుతాడని నిర్ణయించింది. ఎడిసన్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారికి ఇది వర్తించే తీర్పు. అన్ని రాష్ట్రాల్లో ఈ సూత్రం లేదు, పైగా రాసుకున్న షరతు దీన్ని కొంతవరకు మార్చగలదు కూడా.

తెలుగువారి విషయంలో చట్టం కంటే మొహమాటం ఎక్కువ నష్టం తెస్తుంది. ఏజెంటు సాధారణంగా గుడిలోనో తెలుగు సంఘం కార్యక్రమంలోనో పరిచయమైనవాడు, పిల్లల పుట్టినరోజు పండుగకు వచ్చి వెళ్లేవాడు కాబట్టి, వద్దని చెప్పలేక యజమాని రెండు తప్పుల్లో ఒకటి చేస్తాడు: ఏమీ చెప్పకుండా కొత్త ఏజెంటుతో సంతకం చేసేస్తాడు, లేదా నోటిమాటగా అనుకుని ఊరుకుంటాడు. నోటిమాటకు విలువ లేదు. టెక్సాస్‌లో కమిషన్ దావాకు రాతపూర్వక పత్రం ఉండాలని చట్టమే చెబుతుంది గాని, ఉన్న పత్రాన్ని నోటిమాట రద్దు చేస్తుందని ఎక్కడా చెప్పదు. కొత్త ఏజెంటు వైపు నుంచీ ఒక కట్టుబాటుంది. రియల్టర్ల నీతి నియమావళి 16వ అధికరణం, ఇంకొకరి ఎక్స్‌క్లూజివ్ ఒప్పందానికి భంగం కలిగించే చర్యలను సభ్యులకు నిషేధించింది. అయితే యజమాని తానుగా సంప్రదిస్తే, పాత ఒప్పందం ముగిసిన రోజు నుంచి అమల్లోకి వచ్చే పత్రం గురించి మాట్లాడవచ్చు, సంతకమూ తీసుకోవచ్చు. పాత ఒప్పందం ఉందా అని అడగని ఏజెంటు, ఎంత చలాకీగా ఉన్నా, నమ్మదగినవాడు కాడు.

ఏజెంటు మారే రోజున, పాత ఏజెంటు తీయించిన ఫొటోల హక్కు సాధారణంగా ఆ ఏజెంటుదో ఫొటోగ్రాఫరుదో కాబట్టి, అనుమతి లేకుండా కొత్త జాబితాలో వాటిని వాడరాదు. తాళపుపెట్టె, బోర్డు, ఇంటి తాళాలు తిరిగి ఇచ్చిపుచ్చుకోవడం ఆ పూటే జరగాలి. ధర వల్లనే అమ్మకం ఆగినచోట ఎంతమంది ఏజెంట్లను మార్చినా ప్రయోజనం లేదన్న మాట కూడా ఇక్కడే చెప్పవలసి ఉంది; దాన్ని తేల్చుకోవడానికి అదే వీధిలో గత మూడు నెలల్లో అమ్ముడుపోయిన ఇళ్ల ధరలు చూస్తే చాలు.

చిరంజీవి ఇప్పుడు చేయవలసిన పని క్లుప్తమైనదే. లిస్టింగ్ అగ్రిమెంటు తీసి ముగింపు తేదీ, రద్దు రుసుము, ప్రొటెక్షన్ పీరియడ్, దాని మినహాయింపు అనే నాలుగు చోట్లా పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. ఏజెంటుకు కాక మేనేజింగ్ బ్రోకరుకు మర్యాదగా ఉత్తరం రాసి, ఇల్లు చూసినవారి పేర్లూ విడుదల పత్రమూ కోరాలి. ఏదైనా వాక్యం అర్థం కాకపోతే ఇల్లున్న రాష్ట్రపు రియల్ ఎస్టేట్ న్యాయవాదికి గంట రుసుము చెల్లించి చూపించాలి, 15 వేల డాలర్ల ముందు అది లెక్కలోకి రాదు. బేరం కుదిరాక, అమ్మకం పూర్తయ్యే క్లోజింగుకు ముందు టైటిల్ కంపెనీ పంపే లెక్కల పత్రంలో కమిషన్ వరుస ఒక్కసారి చదవాలి. ఆ వరుసలో లిస్టింగ్ వైపు రెండు బ్రోకరేజీల పేర్లు కనబడితే, కారణం రాతపూర్వకంగా అందేవరకు సంతకం పెట్టవద్దు.

శుభాశీస్సులతో,
మేనమామ