కెనడా చిన్న ఊళ్ల దారిలో పీఆర్: ఎక్కడ మొదలుపెట్టాలి?

కెనడా పీఆర్ (శాశ్వత నివాస హోదా) అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ. పాయింట్లు చాలక అక్కడే ఆశ వదులుకున్న వంటవాళ్లు, వెల్డర్లు, నర్సులు ఎందరో. వాళ్లు తెలుసుకోవాల్సిన దారి ఇంకొకటి ఉంది. పనిచేసేవాళ్లు దొరకని చిన్న పట్టణాల కోసం కెనడా 2025 జనవరి 30న రూరల్ కమ్యూనిటీ ఇమిగ్రేషన్ పైలట్ ప్రారంభించింది. క్లుప్తంగా ఆర్‌సీఐపీ. ఇందులో వరస తప్పితే పని జరగదు. ముందు ఎంప్లాయర్ ఒప్పుకోవాలి, తర్వాత ఊరు సిఫారసు చేయాలి, ఆఖర్న ప్రభుత్వం పీఆర్ ఇవ్వాలి.

1. ఊరిని ఎంచుకోండి

మొత్తం 14 ప్రాంతాలున్నాయి. ఒంటారియోలో నార్త్ బే, సడ్‌బరీ, టిమ్మిన్స్, సూ సెయింట్ మేరీ, థండర్ బే, మానిటోబాలో బ్రాండన్, స్టైన్‌బాక్, ఆల్టోనా-రైన్‌ల్యాండ్, సస్కాచెవాన్‌లో మూస్ జా, ఆల్బర్టాలో క్లేర్స్‌హోమ్, బ్రిటిష్ కొలంబియాలో వెస్ట్ కూట్నీ, నార్త్ ఓకనాగన్ షుస్వాప్, పీస్ లియార్డ్, నోవా స్కోషియాలో పిక్టౌ కౌంటీ. ఏ రంగాలకు, ఏ ఉద్యోగాలకు ప్రాధాన్యమో ఒక్కో ఊరు ఒక్కోలా నిర్ణయిస్తుంది. ఆ ఊరి అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. మీ పని ఆ జాబితాలో లేకపోతే ఇంకో ఊరు చూడండి.

2. మీ అర్హత మీరే లెక్కేసుకోండి

అనుభవం: గత మూడేళ్లలో కనీసం ఏడాది, అంటే 1,560 గంటలు, సంబంధిత పనిలో జీతానికి చేసి ఉండాలి. ఇండియాలో చేసినదీ చెల్లుతుంది. ఆ ఊళ్లోనే చదివి, నిర్ణీత గడువులోగా దరఖాస్తు చేసే విద్యార్థులకు ఈ షరతు నుంచి మినహాయింపు ఉంది.

భాష: ఉద్యోగం స్థాయిని (టీర్) బట్టి సీఎల్‌బీ (కెనడా భాషా ప్రమాణం) 4, 5 లేదా 6 కావాలి. టీర్ 0, 1 ఉద్యోగాలకు 6. టీర్ 2, 3 అయితే 5. టీర్ 4, 5 అయితే 4. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో సీఎల్‌బీ 5 రావాలంటే లిజనింగ్, రైటింగ్, స్పీకింగ్‌లలో 5.0 చొప్పున, రీడింగ్‌లో 4.0 చాలు. ఫలితాలకు రెండేళ్లు దాటకూడదు.

చదువు: కనీసం కెనడా హైస్కూల్‌కు సమానమైనది ఉండాలి. ఇండియా సర్టిఫికెట్లకు ఈసీఏ (చదువు కెనడా స్థాయికి సమానమని తేల్చే మదింపు) చేయించాలి. దీనికి యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు వెళ్లాల్సి రావచ్చు. అందులో జాప్యం మామూలే కాబట్టి ముందే మొదలుపెట్టండి.

డబ్బు: కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి సెటిల్‌మెంట్ ఫండ్స్ చూపాలి. ఇది చేతికందే సొమ్మై ఉండాలి. పొలం, ప్లాటు విలువ లెక్కలోకి రాదు, అప్పు తెచ్చి చూపడమూ కుదరదు. ఇప్పటికే కెనడాలో పర్మిట్‌తో పనిచేస్తున్నవాళ్లు దీన్ని చూపనక్కర్లేదు.

3. కాగితాల్లో పేరు సరిచేసుకోండి

మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, డిగ్రీలో వరసే మారిపోతుంది. భాషా పరీక్షకు పాస్‌పోర్టులో ఉన్న పేరే ఇవ్వండి. మిగతా తేడాలకు వివరణ, అఫిడవిట్ ముందే సిద్ధం చేసుకోండి.

అనుభవ పత్రం విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. చేరిన తేదీ, మానేసిన తేదీ మాత్రమే ఉన్న రిలీవింగ్ లెటర్ చాలదు. కంపెనీ లెటర్‌హెడ్ మీద మీ హోదా, చేసిన పనులు, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నవన్నీ రాయించి సంతకం పెట్టించుకోండి. పాత కంపెనీతో సంబంధాలు బాగున్నప్పుడే ఈ పని ముగించండి.

4. జాబ్ ఆఫర్ సంపాదించండి

ఏ కంపెనీ ఆఫరైనా పనికిరాదు. ఆ ఊరు గుర్తించిన ఎంప్లాయరే ఇవ్వాలి. ఉద్యోగం శాశ్వతమైనది, ఫుల్‌టైమ్, అంటే వారానికి కనీసం 30 గంటలు, ఏడాది పొడవునా ఉండేది కావాలి. గుర్తింపు పొందిన ఎంప్లాయర్ల పేర్లు ఊరి వెబ్‌సైట్‌లో చూసి, మీ రెజ్యూమె నేరుగా వాళ్లకే పంపండి.

గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఉద్యోగానికి డబ్బడిగితే అది మోసం. కెనడాలో జాబ్ ఆఫర్ అమ్మడం చట్టవిరుద్ధం. పొలం అమ్మి కన్సల్టెన్సీ చేతిలో లక్షలు పోయకండి. సాయం తప్పనిసరైతే లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ కన్సల్టెంటునో లాయర్‌నో మాత్రమే పెట్టుకోండి. కన్సల్టెంట్ల లైసెన్సు కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ రిజిస్టర్‌లో ఎవరైనా ఉచితంగా సరిచూసుకోవచ్చు.

5. ఊరి సిఫారసు పొందండి

ఆఫర్ ఇచ్చాక ఎంప్లాయర్ మీ తరఫున, ఆ ఊళ్లో ఈ పైలట్ నడిపే సంస్థను సిఫారసు అడుగుతారు. ఇచ్చే సిఫారసులకు పరిమితి ఉంది, కాబట్టి ఎంపిక ఉంటుంది. మీరు అక్కడే స్థిరపడతారన్న నమ్మకం వాళ్లకు కలగాలి. ఇళ్ల అద్దెలు, పిల్లల బడులు, బస్సు సౌకర్యం గురించి నిజంగా తెలుసుకోండి. టిమ్మిన్స్‌లో చలికాలపు రాత్రులు మైనస్ 30 డిగ్రీలకు పడిపోతాయి. కారు లేకుండా రోజు గడవడం కష్టం. ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకుని ఒప్పుకున్నాకే అడుగు వేయండి.

6. పీఆర్‌కు దరఖాస్తు చేయండి

సిఫారసు పత్రం చేతికొచ్చాక ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) పోర్టల్‌లో మీరే ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టొచ్చు. భార్య లేదా భర్తను, పిల్లలను అందులోనే చేర్చాలి. పోలీస్ క్లియరెన్స్‌కు పాస్‌పోర్ట్ సేవలో దరఖాస్తు చేయండి. వైద్య పరీక్షలు కెనడా గుర్తించిన డాక్టర్ల దగ్గరే జరగాలి. పీఆర్ వచ్చేలోగా పనిలో చేరడానికి వర్క్ పర్మిట్ అడగొచ్చు. అయితే అది ఆ ఒక్క ఎంప్లాయర్‌కే పరిమితం.

7. పీఆర్ వచ్చాక

పీఆర్ హోదా నిలవాలంటే అయిదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలి. ఆ ఊరు మీకు సిఫారసు ఇచ్చింది మీరు అక్కడ ఉంటారనే. వచ్చిన నెలకే టొరంటో బస్సెక్కితే మీ తర్వాత రావాలనుకునేవాళ్ల దారి మూసినట్టే. ఊళ్లో వాళ్లతో కలిసిపోండి, పని నేర్చుకోండి, వెనక వచ్చేవాళ్లకు నిజాలు చెప్పండి. ఇక ఈ వారమే చేయాల్సినవి రెండు: పాస్‌పోర్టు పక్కన సర్టిఫికెట్లు పెట్టి పేర్లు సరిచూసుకోవడం, పాత కంపెనీ నుంచి పూర్తి వివరాలతో అనుభవ పత్రం అడగడం.